ఐపీ పెట్టిన ఆటగాళ్లు

మన కోస్తా ఊళ్లలో అప్పులవాళ్లకి మొహం చూపించలేక ఎవరైనా కోర్టుకెక్కితే 'ఫలానా ఆయన ఐపీ పెట్టాడట' అని చెప్పుకుంటారు. ఆ మాట వినగానే గుర్తొచ్చేది ధర పడిపోయి దెబ్బతిన్న పొగాకు వ్యాపారో, చిట్టీలు నడిపి మునిగిన పెద్దమనిషో. 2010 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఐపీ పెట్టినవాడు మాత్రం బాస్కెట్‌బాల్ ఆటగాడు. పేరు ఆంటోయిన్ వాకర్. నాలుగేళ్ల కిందటే మయామీ హీట్ జట్టుతో కలిసి ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన పన్నెండు సీజన్లకి జీతాల రూపంలో అతనికి ముట్టింది 10.8 కోట్ల డాలర్లు పైమాటే. కోర్టుకిచ్చిన కాగితాల్లో మాత్రం ఆస్తి 43 లక్షల డాలర్లు, అప్పు కోటీ 27 లక్షల డాలర్లు. ఎన్‌బీఏలో చివరి సీజన్ ముగిసి అప్పటికి రెండేళ్లే.

ఇలాంటి వార్త చదివితే మనకి వెంటనే ఒక సామెత అడ్డొస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని. కార్లు, వజ్రాల గొలుసులు, రాత్రంతా విందులు, ఇంకేముంది అనుకుని పేజీ తిప్పేస్తాం. మైక్ టైసన్ లాంటివాళ్లు ఆ సామెతకి బొమ్మ గీసినట్టు సరిపోతారు కూడా. బాక్సింగ్‌లో 30 కోట్ల డాలర్లకి పైగా సంపాదించి, ఇంట్లో పులుల్ని పెంచి, 2003లో దాదాపు 2.3 కోట్ల డాలర్ల అప్పుతో కోర్టుకెక్కాడు. కానీ టైసన్‌ని చూసి అందరినీ అదే గాటన కట్టడం సరికాదు. దివాలా తీసినవాళ్లలో పులుల్ని పెంచినవాళ్లు తక్కువ. ఇళ్ల స్థలాలు కొన్నవాళ్లు, హోటళ్లలో వాటాలు పెట్టినవాళ్లు, చుట్టాలకి సంతకాలు పెట్టినవాళ్లే ఎక్కువ. వాళ్లు కూర్చుని తిన్నవాళ్లు కారు. పొదుపు చేస్తున్నాం, పెట్టుబడి పెడుతున్నాం అనుకుంటూనే మునిగినవాళ్లు.

ముందు ఒక అంకె సంగతి తేల్చుకోవాలి. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడినవాళ్లలో నూటికి 78 మంది ఆట మానిన రెండేళ్లకే దివాలా తీస్తారన్న మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. 2009లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక రాసిన కథనంలోది అది. అసలు ఆ పత్రిక రాసింది దివాలా తీసినవాళ్లు, లేదా ఉద్యోగం లేకో విడాకుల వల్లో డబ్బుకి కటకటలాడుతున్నవాళ్లు కలిపి 78 శాతం అని. నోటి నుంచి నోటికి మారేటప్పటికి 'లేదా' తర్వాత మాటలు రాలిపోయాయి. 2015లో కొందరు ఆర్థికవేత్తలు నేరుగా కోర్టు రికార్డులే తిరగేశారు. 1996 నుంచి 2003 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఎంచుకున్న సుమారు రెండు వేల మంది ఆటగాళ్ల పేర్లు తీసుకుని, ఎవరెవరు దివాలా పిటిషన్ వేశారో వెతికారు. ఆట మానిన పన్నెండేళ్లలో అలా కోర్టుకెక్కినవాళ్లు ఆరుగురిలో ఒకరని తేలింది. నూటికి 78 కాదు, 16 దగ్గర. అదీ చిన్న సంఖ్యేం కాదు.

ఆ ఆర్థికవేత్తలకి దొరికిన రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఎక్కువ సంపాదించినవాడికి దివాలా భయం తగ్గాలి కదా? తగ్గలేదు. రెండేళ్లు ఆడి వెళ్లిపోయినవాడూ, పదేళ్లు ఆడినవాడూ ఇంచుమించు ఒకే ప్రమాదంలో ఉన్నారు. అంటే గుట్టు డబ్బు ఎంతన్న దాంట్లో లేదు. అది ఏ వయసులో వస్తుంది, ఎలా ఆగుతుంది, ఎవరి చేతుల మీదుగా పోతుంది అన్నదాంట్లో ఉంది.

కాస్త లెక్క వేద్దాం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగటు ఆటగాడు ఆడేది మూడేళ్ల పైచిలుకేనని ఆటగాళ్ల సంఘమే చెబుతుంది. ఏడాదికి పది లక్షల డాలర్ల చొప్పున మూడేళ్లు ఆడాడనుకోండి. చేతికి ముప్పై లక్షలు. అందులో కేంద్ర పన్ను పై శ్లాబు 37 శాతం. రాష్ట్రాల పన్ను వేరే. అది కూడా సొంత రాష్ట్రానికి ఒక్కదానికే కట్టి ఊరుకుంటే చాలదు, మ్యాచ్ ఆడటానికి వెళ్లిన రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను ఉన్నవాటన్నిటికీ కట్టాలి. 1991 ఫైనల్లో షికాగో బుల్స్ వచ్చి లాస్ ఏంజెలిస్ జట్టుని ఓడించాక కాలిఫోర్నియా బుల్స్ ఆటగాళ్ల దగ్గర పన్ను వసూలు చేసింది. దానికి కోపమొచ్చి ఇల్లినాయ్ కూడా బయటి ఆటగాళ్ల మీద పన్ను వేసింది. మైకేల్ జోర్డాన్ పగ అని దానికి పేరు పడింది. ఇలా పన్నులు, ఏజెంటు కమీషను, శిక్షకుల ఖర్చు పోగా సగం మిగిలిందనుకుందాం, పదిహేను లక్షలు. ఆట మానేనాటికి కుర్రాడి వయసు పాతికో, ఇరవై ఆరో. ఇంకో యాభై ఏళ్లు బతకాలి. పదిహేను లక్షల్ని యాభైతో భాగిస్తే ఏడాదికి ముప్పై వేల డాలర్లు, నెలకి రెండున్నర వేలు. అమెరికాలో ఆ డబ్బుతో సంసారం గడుస్తుంది గానీ గొప్పగా గడవదు.

పేపర్లో పడేది మాత్రం 'ముప్పై లక్షల డాలర్ల ఒప్పందం' అనే. ఆ అంకెని యాభైతో భాగించి చూసుకునే ఓపిక ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికి ఉంటుంది? పైగా చాలా ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందాల్లో రాసిన సొమ్మంతటికీ హామీ ఉండదు. జట్టు నుంచి తీసేస్తే మిగతా ఏళ్ల జీతం కాగితం మీదే ఉండిపోతుంది. మోకాలు తిరగబడితే చాలు.

మామూలు ఉద్యోగి బతుకు దీనికి తలకిందులు. ఇరవై ఐదేళ్లకి చిన్న జీతంతో చేరి, నలభై దాటాక చేతినిండా చూసి, అరవైకి రిటైరవుతాడు. ఈలోగా స్కూటరు, అపార్ట్‌మెంటు, పిల్లల ఫీజు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నేర్పుతాయి. తప్పు చేసినా చిన్న డబ్బుతో చేస్తాడు. ఆటగాడికి ఆ నేర్చుకునే కాలం లేదు. అమెరికాలో కాలేజీ జట్టులో ఆడే కుర్రాడు 2021 దాకా తన పేరు మీద ఒక్క ప్రకటన డబ్బు కూడా తీసుకోకూడదన్న నియమం ఉండేది. లక్షల మంది టీవీలో చూసే ఆట ఆడి, హాస్టల్ గదికి వచ్చి పడుకునేవాడు. ఆ మరుసటేడు అతని ఖాతాలో లక్షల డాలర్లు. మొదటి తప్పే పెద్ద డబ్బుతో చేస్తాడు. జీతం కూడా నెలనెలా వచ్చేది కాదు. చాలాకాలం ఎన్‌ఎఫ్‌ఎల్ జీతమంతా సీజన్ నడిచే పదిహేడు వారాల్లోనే చెక్కులుగా వచ్చేది. మిగతా ఎనిమిది నెలలు సున్నా. మిరప రైతు ఇంటి లెక్కలా ఉండేది అది, కళ్లంలో డబ్బు చూసినప్పుడు ఏడాది పొడవునా అంత ఉంటుందనిపిస్తుంది.

ఇక్కడ మళ్లీ వాకర్ దగ్గరికి రావాలి. జూదం ఆడాడు, నిజమే. క్యాసినోలకిచ్చిన చెక్కులు చెల్లక 2009లో అరెస్టయ్యాడు. తల్లికి పెద్ద ఇల్లు కట్టించాడు, స్నేహితులకి ఉదారంగా ఖర్చుపెట్టాడు. అయినా అతన్ని పడగొట్టింది మనకి బాగా తెలిసిన చిన్న పని. ష్యూరిటీ సంతకం.

షికాగో అతని సొంతూరు. ఆ నగరపు దక్షిణ భాగంలో ఇళ్లూ స్థలాలూ కొని బాగుచేసి అద్దెకివ్వాలని కంపెనీ పెట్టాడు. ఆలోచన చెడ్డదేం కాదు, తన పేటకి మంచి చేయాలన్న కోరికా అందులో ఉంది. సాధారణంగా కంపెనీ పేరున అప్పు తీసుకుంటే, వ్యాపారం మునిగినా కంపెనీయే మునుగుతుంది, యజమాని సొంత సొమ్ము మిగులుతుంది. కంపెనీ పెట్టుకునేదే అందుకు. కానీ బ్యాంకులు చూసింది ఆ పాత భవనాల్ని కాదు, ఎన్‌బీఏ నుంచి వచ్చే జీతాన్ని. కాబట్టి అప్పుకి మీరు సొంతంగా హామీ ఉండండి అన్నాయి. ఉన్నాడు. చిట్టీ పాడిన పక్కింటాయన కోసం ష్యూరిటీ సంతకం పెట్టి, తర్వాత జీతంలో కోత పడి లబోదిబోమన్న మాస్టార్లు మన ఊళ్లలో ఎందరు లేరు! వాకర్ తన కంపెనీకి తానే ఆ సంతకం పెట్టుకున్నాడు. ఆ ఒక్క గీతతో కంపెనీకీ అతనికీ మధ్య ఉన్న గోడ కూలిపోయింది.

2008లో అమెరికాలో ఇళ్ల ధరలు కుప్పకూలాయి. అదే ఏడాది వాకర్‌కి ఎన్‌బీఏ జీతమూ ఆగిపోయింది. ఆస్తి అమ్ముదామంటే కొనేవాడు లేడు, వాయిదా కడదామంటే జీతం లేదు. స్థలం, భవనం ఎంత విలువైనవైనా వాయిదా రోజున వాటితో వాయిదా కట్టలేం. ఆ రోజు కావాల్సింది నగదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ప్లాట్ల మీద ప్లాట్లు కొని, ఈఎంఐకి చేబదులు అడిగే మనిషి మీకు తెలిసే ఉంటాడు. అతనికి వాకర్ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎన్‌బీఏకి ఈ జబ్బు తెలియక కాదు. కొత్తగా వచ్చే కుర్రాళ్లకి డబ్బు సంగతులూ బతుకు సంగతులూ చెప్పే తరగతులు 1986 నుంచే నడుపుతోంది. వాకర్ లీగ్‌లోకి వచ్చేనాటికి ఆ తరగతులకి పదేళ్లు నిండాయి. చెడు అలవాట్ల గురించి తరగతిలో చెప్పొచ్చు. నవ్వుతూ సంతకం అడిగేవాడికి ఎలా కుదరదని చెప్పాలో తరగతిలో నేర్పడం కష్టం.

అడిగేవాళ్లలో అందరూ మోసగాళ్లూ కారు. పేదింట్లోంచి ఒక్కడు పైకొస్తే, వాడు తొమ్మిదో ఏట నుంచీ మైదానానికి వెళ్లడానికి ఎవరు బస్సు చార్జీ ఇచ్చారో, ఎవరు బూట్లు కొనిపెట్టారో అందరికీ గుర్తుంటుంది. వాడికి ఇంకా బాగా గుర్తుంటుంది. రుణం తీర్చుకుంటున్నాననుకుంటాడు. మేనమామకి హోటలు, బావమరిదికి మ్యూజిక్ కంపెనీ, చిన్ననాటి నేస్తానికి మేనేజరు ఉద్యోగం. నెల తిరిగేసరికి కట్టాల్సిన జీతాల పట్టీ తయారవుతుంది. ఆట ఆగిన రోజున రాబడి ఆగుతుంది. ఆ పట్టీ ఆగదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి 'వచ్చే నెల నుంచి లేదురా' అని చెప్పే ధైర్యం చాలామందికి ఉండదు. ఆ మాట చెప్పలేకపోయిన నెలలే అప్పులవుతాయి. ఆ సమయంలోనే పెళ్లిళ్లూ తెగుతుంటాయి. భరణం, పిల్లల పోషణ ఖర్చు కోర్టు లెక్కకట్టేది సంపాదన బాగున్న రోజుల్ని బట్టి అయితే, దాన్ని తగ్గించమని అడగడానికి మళ్లీ లాయరు ఫీజు.

ఇక పరాయివాళ్లు. మెలకువగా ఉన్నవాళ్లకీ తప్పలేదు. సాన్ ఆంటోనియో స్పర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాడు టిమ్ డంకన్ ఆర్భాటం ఎరగని మనిషి, ఐదుసార్లు ఛాంపియన్. లీగ్‌లోకి వచ్చిన తొలిరోజుల నుంచి ఒకే సలహాదారుని నమ్మాడు, చార్లెస్ బ్యాంక్స్ అనే అతన్ని. తనకి వాటా ఉన్న వ్యాపారాల్లోకే ఆ సలహాదారు డంకన్ డబ్బుని మళ్లించాడు. డంకన్‌కి సంగతి తెలిసింది విడాకుల కేసు కోసం లెక్కలు వేరేవాళ్లు చూసినప్పుడు! రెండు కోట్ల డాలర్లకి పైగా పోయాయని ఆరోపించాడు. మోసం ఒప్పుకున్న బ్యాంక్స్‌కి 2017లో నాలుగేళ్ల జైలు పడింది. డంకన్‌ సంపాదన దీర్ఘకాలం సాగింది కాబట్టి తట్టుకున్నాడు. మూడేళ్లు ఆడినవాడికి ఆ దెబ్బ తగిలితే లేవడు.

మన దగ్గర ఏమిటి? 2017 ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ని సన్‌రైజర్స్ 2.6 కోట్ల రూపాయలకి కొన్నప్పుడు మనమంతా మురిసిపోయాం. మురవాల్సిందే. అతను భారత జట్టులో నిలబడ్డాడు కూడా. కానీ ప్రతి వేలంలోనూ ఒక్క సీజనుకి లక్షలూ కోట్లూ పలికి, రెండేళ్ల తర్వాత పేరు వినిపించని కుర్రాళ్లుంటారు. ఐపీఎల్ మొదలైంది 2008లో. అప్పటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఇప్పుడిప్పుడే ఆట వదులుతున్నారు. అమెరికాలో చేసినట్టు వాళ్ల లెక్కలు ఎవరైనా తీస్తే అప్పుడు తెలుస్తుంది. ఐపీఎల్‌కి ముందు తరం మాట వేరు. 1988లో స్కూలు మ్యాచ్‌లో సచిన్‌తో కలిసి 664 పరుగులు జోడించిన వినోద్ కాంబ్లీ, బోర్డు ఇచ్చే నెలకి 30 వేల పింఛనే తనకి ఆధారమని 2022లో చెప్పుకున్నాడు.

ఎవరి ఇంట్లోనైనా ఆటలో పైకొస్తున్న పిల్లవాడు ఉంటే వాళ్లకి నేను చెప్పే కథ బేస్‌బాల్ ఆటగాడు బాబీ బొనీయాది. 2000లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని వద్దనుకుంది. ఇంకా ఇవ్వాల్సిన సొమ్ము 59 లక్షల డాలర్లు. గుండుగుత్తగా తీసుకుని వెళ్లిపోవచ్చు. బొనీయా, అతని ఏజెంటు వేరే దారి అడిగారు: ఇప్పుడు పైసా వద్దు, ఎనిమిది శాతం వడ్డీ కట్టి పదేళ్ల తర్వాత నుంచి ఏటా ఇవ్వండి. మెట్స్ సంతోషంగా ఒప్పుకుంది. తమ యజమానుల డబ్బు బెర్నార్డ్ మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి దగ్గర అంతకంటే ఎక్కువ లాభానికి తిరుగుతోందని వాళ్ల ధీమా. 2008లో మేడాఫ్ దొంగ లెక్కలు బయటపడి అతను జైలుకి పోయాడు. బొనీయాకి మాత్రం 2011 నుంచి ప్రతి జూలై 1న 11,93,248 డాలర్లు వస్తున్నాయి. అతను చివరి మ్యాచ్ ఆడింది 2001లో. ఆఖరి చెక్కు 2035లో వస్తుంది, అప్పటికి అతని వయసు 72.