కుళ్ళని ఉగాది గ్లాసులు

పోయిన ఉగాదికి మన శాఖలో పచ్చడి పంచింది మొక్కజొన్న గ్లాసుల్లో. స్టీలు గ్లాసులు కడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. మామూలు ప్లాస్టిక్ గ్లాసులా, తమిళనాడులో 2019 జనవరి 1 నుంచే నిషేధం. అట్టపెట్టె మీద "మట్టిలో కలిసిపోతుంది" అని చూసి వాటిని కొన్నది నేనే. వేడుక అయ్యాక ఎనభై గ్లాసులనూ క్యాంటీన్ వెనక ఎరువు గుంటలో వేయించిందీ నేనే.

దీపావళి సెలవులయ్యాక గుంట తవ్వినప్పుడు మన బ్లాకు ఊడ్చే అక్క నన్ను పిలిచింది. "ఏం పాపా, కుళ్ళిపోతాదని చెప్పినావే, ఇవి అట్నే ఉండాయి!" వేపపూలు, మామిడి తొక్కలు ఎప్పుడో మన్నయిపోయాయి. గ్లాసులు మాత్రం కడిగితే మళ్ళీ పచ్చడి పోసేట్టున్నాయి. సిగ్గేసింది. సంగతేమిటో తెలుసుకోవాలని కెమిస్ట్రీ మేడమ్ దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను.

చిక్కు మాటలోనే ఉంది. తెలుగు చదివేవాళ్ళం, అది ముందు మనకే తట్టాల్సింది. 'బయో' అని ఒకే మాటతో పుట్టుకనూ చావునూ కలిపేస్తున్నారు. బ్రెజిల్‌లో చెరకు నుంచి పాలిథిన్ చేస్తారు. అది చెరకులో పుట్టినా అచ్చం మామూలు పాలిథినే. కుళ్ళదు, కాని పాలిథిన్‌తో కలిపి హాయిగా కరిగించి మళ్ళీ వాడొచ్చు. పి.బి.ఎ.టి. అనే ఇంకో ప్లాస్టిక్ ఎక్కువగా చమురుతోనే తయారవుతుంది, అయినా ఎరువు కుప్పలో విరిగిపోతుంది. పుట్టుక చూసి చావు చెప్పలేం.

మన గ్లాసు పి.ఎల్.ఎ. మొక్కజొన్న పిండిలోని చక్కెరను పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది, పెరుగులో పులుపు అదే. ఆ అణువులను గొలుసుగా కలిపితే పి.ఎల్.ఎ. ఆ గొలుసును ముందు నీరు తెంపాలి, తర్వాతే సూక్ష్మజీవులు తినగలవు. సుమారు 60 డిగ్రీల వేడి తగిలితేనే గొలుసు వదులై నీరు చురుగ్గా పనిచేస్తుంది. ఆ రోజు ఎవరో అందులో వేడి కాఫీ పోస్తే గ్లాసు వాలిపోయింది, గుర్తుందా? అదే వేడి. "కంపోస్టబుల్" అని ముద్ర వేయడానికి ఐ.ఎస్.ఓ. 17088 ప్రమాణం పెట్టే పరీక్ష కూడా దాదాపు 58 డిగ్రీల్లోనే జరుగుతుంది: 180 రోజుల్లోపు 90 శాతం కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. పెద్ద కుప్పలు తమ వేడిని తామే వారాలకొద్దీ పట్టి ఉంచుతాయి. మన గుంట నాలుగడుగులు, పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. పెట్టె మీద రాసింది పూర్తిగా అబద్ధం కాదు, ఎక్కడ కలుస్తుందో చెప్పలేదంతే.

సరే, పాత సామాన్లకు వేద్దామని వీధి చివరి కాయలాన్ కడకు ఒక సంచి తీసుకెళ్ళాను. ఆయన ఒకదాన్ని నలిపి చూసి నీళ్ళ బాటిళ్ళ కుప్పలోకి విసరబోయాడు. అప్పటికి నాకు కొంత తెలుసు గనుక ఆపాను. బాటిల్ ప్లాస్టిక్ పి.ఇ.టి., ఇది పి.ఎల్.ఎ.; చూపుకు కవలపిల్లలు. పాలిథిన్ ముక్కలైతే నీళ్ళలో తేలి వేరుపడతాయి, ఇవి రెండూ మునుగుతాయి. పి.ఇ.టి. కరగడానికి 250 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి పి.ఎల్.ఎ. చెడిపోయి, కొంచెం కలిసినా మొత్తం సరుకును మసకబారుస్తుంది. పరారుణ కాంతితో రెండింటినీ గుర్తుపట్టే యంత్రాలు ఉన్నాయి, కాయలాన్ కడలో ఉండేవి చేతులు, కళ్ళే. నష్టం ఆయనదే అయ్యేది.

విడిగా పోగుచేస్తే పి.ఎల్.ఎ.ను కరిగించి మళ్ళీ వాడొచ్చు, నీటితో వేడిచేసి తిరిగి లాక్టిక్ ఆమ్లంగానూ మార్చొచ్చు. కాని ఎనభై గ్లాసుల కోసం ఎవరు వస్తారు? చెత్తలో వేస్తే కొడుంగయ్యూరుకో పెరుంగుడికో పోయి, మన గుంటలో ఉన్నట్టే ఉంటాయి.

ప్రస్తుతం అవి శాఖ బీరువా పక్కన గోనెసంచిలో ఉన్నాయి. ఒకటి ఈ గోడపత్రిక పక్కన మేకుకు కట్టాను, ముట్టుకుని చూడండి. ఈ ఉగాదికి మెస్‌వాళ్ళు స్టీలు గ్లాసులు ఇస్తామన్నారు, కడిగి లెక్కపెట్టి అప్పజెప్పాలట. నాతో పాటు ఇంకో ముగ్గురు కావాలి. పేర్లు రాయడానికి కింద కాగితం అంటించాను.