డీజిలు ఇంజనులో విద్యుత్తు ఎందులకు?

సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గములో భువనగిరి ఒక స్టేషను. నిజాము కాలములో వేసిన ఈ మార్గమున చాలకాలము ఆవిరి ఇంజనులు నడచినవి. తరువాత డీజిలు ఇంజనులు వచ్చినవి. నేడు విద్యుత్తు ఇంజనులు నడచుచున్నవి. ఆ నడిమి కాలపు ఇంజనులలో ముఖ్యమైనది డబ్ల్యు.డి.యం.-2 తరగతి. ఈ పేరులో మొదటి అక్షరము బ్రాడ్‌గేజిని, రెండవది డీజిలును, మూడవది ప్రయాణికుల బండ్లను, సరకుల బండ్లను కూడ లాగగలదనుటను తెలుపును.

పేరుకు డీజిలు ఇంజనే అయినను, దీని చక్రములను త్రిప్పునది విద్యుత్తే. లారీలో డీజిలు ఇంజను గేర్ల ద్వారా చక్రములను త్రిప్పుచుండగా, రైలింజనులో నడుమ విద్యుత్తు ఎందులకు?

ఆవిరి ఇంజనులో బాయిలరునందు ఆవిరి ముందే సిద్ధముగా ఉండును. చక్రములు ఇంకను కదలకముందే అది పిస్టనును బలముగా నెట్టగలదు. డీజిలు ఇంజనుకు ఆ వీలు లేదు. దాని సిలిండరులో పిస్టను గాలిని ఇంచుమించు పన్నెండవ వంతుకు అదుమును. అందుచే గాలి మిక్కిలి వేడెక్కును. అందులోనికి చిమ్మిన నూనె నిప్పురవ్వ లేకయే అంటుకొనును. కాని గాలిని అదుముటకు ఇంజను ముందే తిరుగుచుండవలెను! నిలిచియున్న చక్రములకు నేరుగా బిగించినచో అది తిరుగజాలదు. లారీలో ఈ చిక్కును క్లచ్చి, గేర్లు తీర్చును. కాని 2,600 అశ్వశక్తుల ఇంజను బరువైన రైలును కదలించునపుడు అట్టి క్లచ్చి త్వరలోనే అరిగి కాలిపోవును.

కనుక ఇంజనుకు, చక్రములకు నడుమ ఒక జనరేటరును, ఆరు మోటారులను అమర్చిరి. పదునారు సిలిండరుల ఇంజను నిమిషమునకు 400 నుండి 1,000 చుట్లు తిరుగుచు జనరేటరును నడుపును. ఆ విద్యుత్తుతో మోటారులు ఇరుసులను త్రిప్పును. ఈ రకపు మోటారు మెల్లగా తిరుగునపుడే ఎక్కువ బలము చూపును. బండి కదలునపుడు కావలసినది అదియే. ఇంజనును మొదట త్రిప్పునది కూడ ఈ జనరేటరే. బ్యాటరీల విద్యుత్తుతో అది కొద్దిసేపు మోటారువలె పనిచేయును.

ఆరు ఇరుసులకును మోటారు ఉండుటకు కారణమున్నది. ఇనుప పట్టాపై ఇనుప చక్రము సులభముగా జారును. ఇంజను బరువు 112.8 టన్నులు, అనగా ఒక్కొక్క ఇరుసుపై 18.8 టన్నులు. పట్టు ఆ బరువులో 27 శాతమనుకొన్నచో, లాగు బలము సుమారు 30 టన్నులు. మోటారు లేని ఇరుసుపై పడు బరువు లాగుటకు తోడ్పడదు.

దీనిని అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపొందించినది. మొదటి ఇంజనులు 1962లో మన దేశమునకు వచ్చినవి. వారణాసి కర్మాగారములో తయారైన మొదటి ఇంజనును 1964 జనవరి 3న లాల్ బహదూర్ శాస్త్రి జాతికి అంకితము చేసిరి. బొగ్గులోని వేడిలో పదవవంతునైనను పనిగా మార్చలేని ఆవిరి ఇంజనుతో పోల్చినచో, నూనెలోని వేడిలో సుమారు మూడవ వంతును పనిగా మార్చు ఈ ఇంజను ఎంతో మేలైనది. కాజీపేట షెడ్డులోను ఈ తరగతి ఇంజనులు ఉండెడివి. తరువాత దీనినే మెరుగుపరచి 3,100 అశ్వశక్తులకు పెంచిరి.

డీజిలు రైలింజను తన విద్యుత్కేంద్రమును తానే మోసికొనిపోవు విద్యుత్తు ఇంజను అన్నమాట. 2018లో వారణాసి కర్మాగారమువారు దీని వంశమునకే చెందిన సరకుల డీజిలు ఇంజనును విద్యుత్తు ఇంజనుగా మార్చి ఈ సంగతిని రుజువు చేసిరి. భువనగిరి మీదుగా నేడు పోవు ఇంజనులలోను చక్రములను త్రిప్పునవి మోటారులే. విద్యుత్తు మాత్రము లోపలి జనరేటరునుండి గాక పైనున్న తీగనుండి వచ్చుచున్నది.