పిల్లనగ్రోవి బహురూపములు

పిల్లనగ్రోవి యనగానే మనవారికి గోపాలుడును, ఆలమందయు, పొన్నచెట్టు నీడయు స్ఫురించును. భావము మధురమైనదే, కాని దీనివలన నా వాద్యమున కొక నష్టము గలిగినది. అది పసులకాపరి వినోదవస్తు వనియు, కచేరీలో నించుక తీపి చేర్చుటకు దక్క వేరు పనికి రాదనియు చదువుకొన్నవారు సైతము తలచుచున్నారు. వేణువాదకుని నర్తకి ప్రక్క నొక మూల గూర్చుండబెట్టి, తుదిని శాలువలు కప్పునపుడు అతని పేరే మరచిన సభలను మే మెన్నియో చూచితిమి. ఇప్పు డా మూల కూడ ఖాళీ యగుచున్నది.

నూజివీటికిని తిరువూరికిని నడుమ మెట్టభూములలో నున్న విస్సన్నపేటకు, ఒక మిత్రుని పిలుపుపై, శ్రీరామనవమి యుత్సవములకు బోయియుంటిమి. రాత్రి తొమ్మిది గంటలకు తాటాకు పందిరిలో కూచిపూడి నాట్యము మొదలయ్యెను. సత్యభామ ప్రవేశించినది; జడ త్రిప్పినది; కృష్ణునకు లేఖ వ్రాసినది. బాలిక చక్కగా నాడినది. కాని వేదిక ప్రక్కన మృదంగము లేదు, వయొలిను లేదు, వేణువు లేదు. సంగీత మంతయు నొక పెట్టెలోనుండి వచ్చుచుండెను. లేఖాభినయములో నొకచోట ఆ పిల్లకు భావము కుదిరి, కన్నుల నీరు నిలిచి, మరియొక క్షణ మట్లే నిలువవలెనని తోచినట్లుండెను. పెట్టె యాగదు గదా! పాట ముందునకు సాగిపోగా ఆమె దాని వెంట బరుగెత్తవలసి వచ్చెను. తరువాతి పద్యనాటక దృశ్యమునకు కీబోర్డు వాయించిరి. అందు వేణునాదమున కొక మీట గలదు. నొక్కిన పలుకును, ఎన్నిమారులు నొక్కినను ఒకే పలుకు.

మరునాటి యుదయము మిత్రుని యింటి యరుగుపై నొక వేణువాదకుని గలిసికొంటిమి. నలువది యేండ్లుగా నాట్యబృందముల వెంట దిరిగినవాడు. ఆ రాత్రి మాత్రము ప్రేక్షకులలో గూర్చున్నవాడు. మే మడుగగా గుడ్డసంచి విప్పి పండ్రెండు వేణువులను చాపపై బరచెను. ఇన్ని యెందుకని యడిగితిమి. వీణ తంత్రిని బిగించి శ్రుతి మార్చవచ్చును. వెదురునకు రంధ్రములు పడిన పిదప దాని శ్రుతి దానిదే. ఒకటిన్నర శ్రుతిలో పాడువారి కొకటి, ఐదున్నరలో పాడువారికి వేరొకటి. శ్రుతి హెచ్చినకొలది వేణువు పొట్టిదగును.

వానిలో నొక్కదానినే తీసికొని ఆయన మొదట జోలపాట యూదెను. మరుక్షణమున అదే వెదురు పాములవాని నాగస్వరమై మెలికలు తిరిగెను. కోకిల కూసెను. దూరమున రైలు కేక వేసి పోయెను. అరుగుమీది పిల్లలు విరగబడి నవ్విరి. అంతట నాయన రాత్రి బాలిక యాగదలచిన ఘట్టమును పట్టుకొనెను. ఒక్క స్వరము, అది సన్నగిల్లి, క్రిందికి జారి, చెప్పబోయిన మాట గొంతులోనే నిలిచిపోయినట్లు ఆగినది. పిల్లలు నవ్వు మానిరి. పిదప ఊదకయే వ్రేళ్లతో రంధ్రములను తట్టి, చిటికెలవంటి సన్నని తాళము వినిపించెను. ఊదుచునే గొంతులో కూనిరాగము దీసి రెండు గొంతుకల నొకేసారి పలికించెను. ఈ చివరి విద్య కచేరీ మర్యాదకు తగదని ఆయన యభిప్రాయము. మాకు మాత్రము నచ్చినది.

ఎనిమిది రంధ్రముల బొంగున కిన్ని రూపము లెక్కడివి? దానిలో నేమియు లేకపోవుటయే కారణమని చెప్పవలెను. సన్నాయికి పీక గలదు. వీణకు మెట్లు గలవు. హార్మోనియమునకు మీటలు గలవు. ఇవన్నియు స్వరమును కొంతవరకు తామే నిర్ణయించును. వేణువున నట్టి సాయము లేదు. పెదవుల సందునుండి వెడలిన గాలి ముఖరంధ్రపు టంచున దాకి, బొంగులోని గాలిని కదలించును. పెదవిని బిగించి యూపిరి వడి హెచ్చించిన, వ్రేళ్లు కదలకయే పైస్థాయి పలుకును. వేణువును పెదవివైపు కొంచెము త్రిప్పిన శ్రుతి తగ్గును. రంధ్రమును వ్రేలితో సగము మూసి మెల్లగా దెరచిన స్వరము స్వరములోనికి జారును. పని యంతయు మనుష్యునిదే. కనుకనే వేణువు చెడుగా నూదుట అతిసులభము.

ఈ మర్మము మన పూర్వు లెరిగినదే. నాట్యశాస్త్రము వేణువును సుషిరవాద్యములలో నుంచి, వ్రేలిని పూర్తిగా నెత్తిన నాలుగు శ్రుతుల స్వరమును, కదలించిన మూడు శ్రుతుల స్వరమును, సగ మెత్తిన రెండు శ్రుతుల స్వరమును వచ్చునని చెప్పినది. విస్సన్నపేట యరుగుమీది వ్రేళ్లు చేసినది ఇదియే. పదమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వేణువులను కొలతనుబట్టి విభజించి ఏకవీరము, ఉమాపతి, త్రిపురుషము మొదలుగా పేళ్లు పెట్టెను. అంగుళముల లెక్క పేళ్లలోనే యిమిడియుండుట చమత్కారము. మన యమరావతి శిల్పములలో నాట్యగోష్ఠుల నడుమ అడ్డముగా బట్టిన వేణువు కనబడుచునే యున్నది. నాట్యమును వేణువును విడదీసిన ఘనత మన కాలమునకే దక్కినది.

ఒంటరిగా కచేరీ నడుపగల వాద్యముగా దక్షిణదేశమున వేణువును నిలిపినవాడు కుంభకోణపు శరభశాస్త్రి. ఆయన 1872లో పుట్టి 1904లోనే గతించెను, అంధుడు. ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావు. తరువాత టి. ఆర్. మహాలింగము (1926-1986) బాల్యముననే సభల నాకర్షించి, గాత్రములోని గమకమంతయు వెదురున బలికింపవచ్చునని నిరూపించెను. చెప్పిన వేళకు వేదిక నెక్కునో లేదో యను నపఖ్యాతి కూడ ఆయనకు గలదు. వినువారు మాత్రము వేచియుండెడివారు. ఉత్తరమున స్వాతంత్ర్యోద్యమమున బాల్గొనిన వంగీయుడు పన్నాలాల్ ఘోష్ (1911-1960) సుమారు 32 అంగుళముల పొడవైన వేణువును రూపొందించి, విలంబిత ఖయాలునకు దగిన గంభీరనాదమును దానికి సమకూర్చెను. మన తెలుగుసీమలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ తండ్రి పట్టాభిరామయ్య వేణువాదకుడు. కుమారుని పేరులో మురళి యుండుట ఎంత యుచితము!

ఐరోపాలో థియోబాల్డ్ బోయెమ్ 1847లో లోహపు గొట్టమునకు మీటల మూతలు పెట్టి తమ వేణువును సంస్కరించెను. స్వరములు నిశ్చితమైనవి, వ్రేలిని జరిపి శ్రుతిని జార్చుటకు సందు తగ్గినది. వారి సంగీతమున కది లాభమే. నేడు వారి వాదకులలో కొందరు నోటితో తాళధ్వనులు చేయుచు నూదుచున్నారు. మన చలనచిత్రములలో 1995 నాటి ‘బొంబాయి’ చిత్రమున నవీన్ వేణువు మాట లేకయే కథ చెప్పినది.

అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును నిషేధించినది. 1971 వరకు నా నిషేధము తొలగలేదు. మీటలు మన గమకమును పలుకవనుట నాటి వాదము. మన నాటకరంగము హార్మోనియమునకు ఋణపడియున్నది గనుక ఆ శిక్ష కఠినమే యని మా తలంపు. అయినను హార్మోనియమునైన నొక మనిషి వాయించెడివాడు. నటుడు పద్యమున నొక రాగము నింకొక యావృత్తి సాగదీసిన నాతడు వేచియుండెడివాడు. పెట్టె వేచియుండదు.

ఈ మాటయే మేమనగా మా వేణువాదకుడు నవ్వెను. "పెట్టెకు ఊపిరి పీల్చుకొనే పని లేదు గదండీ. భోజనమైనా పెట్టనక్కరలేదు!" ఇప్పు డాయనను రికార్డింగునకు బిలుతురట. ఒకదినపు సంభావన ముట్టును. ఆ పాటకు పదేండ్లు ఊరూర నాట్యము నడచును. నేర్చుకొనుటకు వచ్చిన కుర్రవాండ్రిద్దరు కీబోర్డునకు మారిరి. వారిని నిందింపలేము. బిడ్డకు నాట్యము నేర్పించు సామాన్య గృహస్థు నలుగురు వాద్యకారులకు దారిఖర్చు లియ్యలేడు. పెట్టె లేనిచో విస్సన్నపేట బాలిక వేదిక నెక్కియే యుండదు. మేమడుగునది గృహస్థును గాదు, ఉత్సవములను నడుపు పెద్దలను. రాత్రి యంతటిలో నొక్క యంశమునకైన, ఒక గాయకుని, ఒక మృదంగమును, ఒక వేణువును బిలిపించిన చాలును. ఆ పిల్లకు నిలువదలచినచోట నిలుచు హక్కు దొరకును.

మా మిత్రుడు కమిటీలో సభ్యుడే. ఈ చొప్పున నెంత యగునని ఆయన యడుగగా వేణువాదకుడు కొంత సంకోచించి తన సంభావన చెప్పెను. పందిరి ముందరి విద్యుద్దీపముల తోరణమున కెంతయైనదని మే మడిగితిమి. మిత్రుడు చెప్పెను. వేణువాదకుడు తలవంచుకొని వేణువుల నొక్కొక్కటిగా దుడిచి సంచిలో బెట్టుకొనుచుండెను.