గదిలో ఎందరున్నారు?

మీటింగు పెట్టుకుందామని కేలండరు తెరుస్తారు. మూడో అంతస్తులో ఉన్న ఆరు గదులూ సాయంత్రం దాకా బుక్కయిపోయి ఉంటాయి. సరే, కాఫీ మిషను దగ్గరే నిలబడి మాట్లాడుకుందామని లేచి వెళ్తుంటే, దారిలో అద్దం తలుపుల్లోంచి చూస్తే ఆరింట్లో నాలుగు గదులు ఖాళీ! లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఏసీ నడుస్తూనే ఉంది, ప్రొజెక్టరు గోడమీద నీలంగా మెరుస్తోంది. ఆరు నెలల క్రితం ఎవరో ఆ గదిని ప్రతి మంగళవారానికీ బుక్ చేసి పెట్టారు. ఆయన ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు. బుకింగు మాత్రం వెళ్ళలేదు.

ఇది శాన్ హోజేలో జరుగుతుంది, సింగపూరులో జరుగుతుంది, మన గచ్చిబౌలిలోనూ జరుగుతుంది. మలేషియాలో దీనికి చలి కూడా తోడవుతుంది. కౌలాలంపూర్‌లో పనిచేసిన మనవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. బయట ఏడాది పొడుగునా ముప్ఫై డిగ్రీల పైన ఉక్కపోత. లోపల కుర్చీకి స్వెట్టరో శాలువానో వేలాడుతూ ఉంటుంది. భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దూరంలో స్వెట్టరు వేసుకుని కోడు రాయడం మన తరం సాధించిన వింతల్లో ఒకటి!

ఈ రెండు వింతలకీ మూలం ఒక్కటే. తనలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో భవనానికి తెలియదు. తెలియదు కాబట్టి అందరూ వచ్చేశారనుకుని చల్లబరుస్తుంది. తెలిసేలా చెయ్యడం ఇవాళ కష్టమేమీ కాదు. ఎంతవరకు తెలియాలి, ఎక్కడ ఆగాలి అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకి జవాబు రాసేది చాలా చోట్ల మనలాంటి సాఫ్టువేరు వాళ్ళే కాబట్టి, దీని గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

పుత్రజయలో రెండు భవనాలు

కౌలాలంపూర్‌కి దక్షిణంగా పుత్రజయ ఉంది. మలేషియా ప్రభుత్వ కార్యాలయాల కోసం కట్టిన ఊరు. పేరు విడదీసి అర్థం చెప్పుకోవడానికి తెలుగువాడికి నిఘంటువు అక్కర్లేదు. పక్కనే సైబర్‌జయ. 1996లో మొదలైన మల్టీమీడియా సూపర్ కారిడార్ పుణ్యమా అని మనవాళ్ళు చాలామందికి తెలిసిన చోటే.

పుత్రజయలో 2004లో ఇంధన శాఖ కోసం డెన్మార్కు సాయంతో ఒక భవనం కట్టారు. పేరు లియో, అంటే తక్కువ ఇంధనంతో నడిచే ఆఫీసు. భవనాల తిండి ఎంతో కొలవడానికి ఒక తేలికైన కొలత ఉంది: చదరపు మీటరుకి ఏడాదికి ఎన్ని కరెంటు యూనిట్లు ఖర్చయ్యాయి? ఆ దేశంలో మామూలు ఆఫీసుకి ఇది 200 యూనిట్లకి అటూ ఇటూగా ఉంటుంది. మలేషియా ప్రమాణాల పుస్తకం ఎం.ఎస్. 1525 ప్రకారం 135 దగ్గర ఉంటే మంచి భవనం. లియో 100 లక్ష్యంగా పెట్టుకుంది. వాడకం మొదలయ్యాక కొలిస్తే 114 దాకా వచ్చింది. లక్ష్యం అందకపోయినా మామూలు భవనం తినేదాంట్లో సుమారు సగం. గోడలు, కిటికీలు జాగ్రత్తగా కట్టడం ఒక కారణం. పగటి వెలుతురునీ మనుషుల ఉనికినీ గమనించి లైట్లు వాటంతట అవే తగ్గేలా పెట్టడం ఇంకో కారణం.

ఆరేళ్ళ తరవాత, 2010లో, అదే ఊళ్ళో ఇంధన నియంత్రణ కమిషను తన కార్యాలయం కట్టుకుంది. అందరూ వజ్ర భవనం అంటారు. పిరమిడ్‌ని తలకిందులుగా నిలబెట్టినట్టుంటుంది. గోడలు బయటికి 25 డిగ్రీలు వాలి ఉండడంతో పై అంతస్తు కింది అంతస్తుకి గొడుగు పడుతుంది. నడినెత్తిన ఎండ కాసే దేశంలో ఇది చక్కటి ఉపాయం. మధ్యలో పైకప్పు దాకా ఖాళీ వదిలి, అక్కడినుంచి దిగే వెలుతురుని బట్టి వాటంతట అవే కదిలే తెరలు పెట్టారు. అన్నిటికన్నా తమాషా అయినది నేల. కాంక్రీటు పలకల్లో గొట్టాలు పెట్టి, రాత్రిపూట చల్లటి నీళ్ళు ప్రవహింపజేస్తారు. పగలంతా ఆ నేల మట్టికుండలా చల్లదనాన్ని మెల్లగా వదులుతుంది. వాడకంలో ఈ భవనం లెక్క 65 యూనిట్ల దగ్గర తేలింది. 2012లో ఆసియాన్ ఇంధన పురస్కారం కూడా వచ్చింది.

ఇక్కడ మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. కుండలో నీళ్ళు రాత్రే పొయ్యాలి. మధ్యాహ్నం దాహమేసినప్పుడు పోస్తే చల్లబడవు. అలాగే, రాత్రి చల్లబరిచే పద్ధతిలో రేపు ఎంత అవసరమో ఇవాళే అంచనా ఉండాలి. కూర్చున్న మనిషి ఒక్కొక్కరూ సుమారు 100 వాట్ల వేడి వదులుతారు. పదిమంది ఉన్న గదిలో ఒక చిన్న హీటరు వెలుగుతున్నట్టే లెక్క. కాబట్టి గదిలో ఎందరున్నారు అన్నది కుర్చీల వాళ్ళకి మాత్రమే పనికొచ్చే ప్రశ్న కాదు, కరెంటు బిల్లు ప్రశ్న కూడా.

లెక్కపెట్టే పద్ధతులు, వాటి లోపాలు

ఇక లెక్కపెట్టడం ఎలాగో చూద్దాం.

మొదటిది, కదలికను పసిగట్టే సెన్సరు. చవక, నమ్మకస్థురాలు. కాని మనిషి కదిలితేనే ఉన్నట్టు. దీక్షగా బగ్గు వెతుకుతూ పావుగంట బొమ్మలా కూర్చున్న ప్రోగ్రామరు దాని దృష్టిలో లేనట్టే. లైట్లు ఆరిపోగానే రెండు చేతులూ ఎత్తి ఊపిన అనుభవం మనలో ఎవరికి లేదు?

రెండోది, గాలిలో బొగ్గుపులుసు వాయువుని కొలవడం. బయటి గాలిలో అది పదిలక్షల్లో 420 పాళ్ళ దాకా ఉంటుంది. తలుపులు మూసిన గదిలో నలుగురు కూర్చుంటే కాసేపట్లో వెయ్యి దాటుతుంది. మధ్యాహ్నం మీటింగులో ఆవలింతలకి మాట్లాడేవాడొక్కడే కారణం కాదన్నమాట! ఈ కొలతతో తాజా గాలి ఎంత పంపాలో తెలుస్తుంది, మనిషి ఎవరో తెలియదు. కాకపోతే ఇది ఆలస్యంగా మాట్లాడే సాక్షి. జనం వెళ్ళిపోయిన పది నిమిషాల తరవాత కూడా ఇంకా ఉన్నారనే అంటుంది.

మూడోది వైఫై. ఏ పెట్టెకి ఎన్ని ఫోన్లు తగులుకున్నాయో చూస్తే ఏ మూల ఎంత జనం ఉన్నారో తెలుస్తుంది. కాని ఒకే మనిషికి రెండు ఫోన్లు, ఒక లాప్‌టాపు. పైగా ఊరికే వెతుకుతున్న ఫోను తన అసలు చిరునామా బయటపెట్టకుండా మారుపేరు వాడే పద్ధతిని ఆపిల్ 2014లో మొదలుపెట్టింది. దాంతో ఈ లెక్క ఇంకా తికమకైంది.

నాలుగోది కెమెరా. లెక్క అన్నిటికంటే బాగా చెబుతుంది. అడగనివి కూడా చెబుతుంది. చిక్కంతా అక్కడే.

లెక్క తెలిస్తే ఏం చేస్తాం?

మొదటి లాభం పైన చెప్పిన దెయ్యపు బుకింగులు. పది నిమిషాలు దాటినా ఎవరూ రాకపోతే గది తనని తనే విడుదల చేసుకుంటుంది. ఇంతకన్నా తేలికైన ప్రోగ్రాము ఉండదు.

రెండోది, గదుల సైజు. ఒక ఉదాహరణ వేసుకుందాం. పన్నెండు కుర్చీల గదులు నాలుగున్నాయి. మూడు నెలలు లెక్క తీస్తే, ఎక్కువ మీటింగుల్లో ఉన్నది ఇద్దరో ముగ్గురో అని తేలిందనుకోండి. అప్పుడు కొత్త అంతస్తు అద్దెకి తీసుకోనక్కర్లేదు. రెండు పెద్ద గదుల మధ్య గోడలు లేపితే చాలు, నాలుగు చిన్న గదులొస్తాయి.

మూడోది లిఫ్టులు. 452 మీటర్లు, 88 అంతస్తులు ఉన్న పెట్రోనాస్ జంట టవర్లలో ఉదయం రద్దీకి ఇంజనీర్లు చెప్పిన జవాబు రెండంతస్తుల లిఫ్టులు. ఒకదానిమీద ఒకటి రెండు పెట్టెలు, ఒకేసారి సరి అంతస్తుకీ బేసి అంతస్తుకీ. ఇది ఇనుముతో చెప్పిన జవాబు. సాఫ్టువేరుతో చెప్పిన జవాబు 1992లో షిండ్లర్ కంపెనీ తెచ్చింది. లిఫ్టు ఎక్కకముందే మీరు వెళ్ళే అంతస్తు నొక్కుతారు, ఒకే చోటికి వెళ్ళేవాళ్ళందరినీ ఒక లిఫ్టులోకి పంపుతుంది. గమనించారా? పదిహేడో అంతస్తుకి నలుగురు అన్న సంగతి తెలిస్తే ఆ లిఫ్టు పని జరిగిపోయింది. ఆ నలుగురూ ఎవరో దానికి అక్కర్లేదు.

లెక్క దారి తప్పినప్పుడు

ఆమ్‌స్టర్‌డామ్‌లో డెలాయిట్ ఆఫీసున్న ఎడ్జ్ భవనంలో సుమారు 28,000 సెన్సర్లున్నాయని 2015లో ప్రపంచమంతా చెప్పుకుంది. 2,500 మంది ఉద్యోగులకి వెయ్యి బల్లలు. ఎవరికీ సొంత బల్ల లేదు. ఫోనులో ఆప్ చూసుకుని ఏ రోజు చోటు ఆ రోజు వెతుక్కోవాలి.

మరుసటి ఏడాదే, 2016 జనవరిలో, లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక విలేకరులు ఆఫీసుకి వచ్చేసరికి ప్రతి బల్ల కిందా ఒక చిన్న డబ్బా బిగించి ఉంది. మనిషి ఉన్నాడో లేడో చూసే సెన్సరు. చోటు వాడకం తెలుసుకోవడానికే అని యాజమాన్యం చెప్పింది. విలేకరులు వినలేదు. గొడవ అయింది. ఆ రోజే డబ్బాలు తీసేశారు.

రెండు చోట్లా చేసిన పని ఇంచుమించు ఒకటే. కాని సొంత బల్ల కింద పెట్టిన సెన్సరు గదిని లెక్కపెట్టదు, మనిషిని లెక్కపెడుతుంది. మీ పేరు ఆ పట్టికలో లేకపోవచ్చు. 214వ నంబరు బల్ల అని ఉంటే చాలు, అది ఎవరిదో ఆఫీసులో అందరికీ తెలుసు.

మలేషియాలో ఇదే సంగతి దేశమంత పెద్దదిగా కనిపించింది. కోవిడ్ కాలంలో, 2020 నుంచి, దుకాణంలో అడుగు పెట్టాలంటే మైసెజహ్‌తెరా అనే ఆప్‌తో తలుపు దగ్గర కోడు స్కాను చెయ్యాలి. ఏ భవనంలోకి ఎవరు ఎప్పుడు వెళ్ళారో దేశం మొత్తానికి ఒక్కచోట పోగైంది. 2021 మేలో ఆ సమాచారంతో, ముందు ముందు వ్యాధి గుంపులు ఎక్కడ పుట్టవచ్చో అంచనా వేసే ఒక పద్ధతి బయటికొచ్చింది. పేరు హైడ్. దాచు అని అర్థమొచ్చే పేరున్న ఆ పద్ధతి చేసిన మొదటి పని జాబితా ప్రకటించడం! అందులో ఎక్కువ పెద్ద పెద్ద షాపింగు మాల్సే. అది హెచ్చరిక మాత్రమే, అక్కడ వ్యాధి ఉందని కాదు అన్నారు అధికారులు. జనం దాన్ని నేరస్థుల జాబితాలా చదివారు. కొన్ని మాల్సు కొన్నాళ్ళు మూతపడ్డాయి, వర్తకులు అభ్యంతరం చెప్పారు. ఎక్కువమంది వచ్చే చోటు కాబట్టి ఎక్కువ అనుమానం అన్న లెక్క తప్పు కాకపోవచ్చు. కాని అంచనాకీ ఆరోపణకీ తేడా చూపించని తెర మంచి తెర కాదు. తలుపు దగ్గర స్కాను చెయ్యాలన్న నిబంధన 2022 మే 1 నుంచి పోయింది.

గీత ఎక్కడ గియ్యాలి?

మలేషియాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2010లో చేశారు, 2013 నవంబరు 15న అమల్లోకి వచ్చింది. వాణిజ్య లావాదేవీలకే వర్తిస్తుంది, ప్రభుత్వాలకి వర్తించదు. 2024లో కొన్ని సవరణలు చేశారు. మన దేశంలో ఇటువంటి చట్టం 2023లో వచ్చింది. చట్టాలు అవసరమే. కాని చట్టం కోర్టు దాకా వెళ్తేగాని పలకదు. డేటాబేసులో ఏ కాలమ్ ఉండాలో మనం నిర్ణయించే రోజున చట్టం ఆ గదిలో ఉండదు. ఆ రోజు గుర్తుంచుకోవలసినవి నాకు తోచినవి నాలుగు.

ఒకటి: కెమెరా పెట్టక తప్పకపోతే, లెక్క కెమెరాలోనే జరగాలి. బయటికి అంకె రావాలి, బొమ్మ రాకూడదు. లేని బొమ్మని ఎవరూ దొంగిలించలేరు.

రెండు: గది వాడకం తెలియడానికి పావుగంటకో అంకె చాలు. సెకనుకోటి తీస్తే అది గది చరిత్ర కాదు, ఎవరు ఎన్నిసార్లు లేచి వెళ్ళారన్న చిట్టా. పని అయ్యాక చెరిపే తేదీ కూడా మొదటి రోజే రాసుకోవాలి.

మూడు: చిన్న అంకెలు ప్రమాదకరం. నలభై మందిలో ముప్ఫై మంది అంటే లెక్క. ఇద్దరిలో ఒకరు అంటే చాడీ. ఐదుకి తక్కువ ఉన్నచోట పక్క చోటుతో కలిపి చూపించండి.

నాలుగు: లెక్క పైవాళ్ళకి ఎంత కనిపిస్తుందో, కింద కూర్చున్నవాళ్ళకీ అంతే కనిపించాలి. ఏ గది ఖాళీగా ఉందో, ఏ మూల చల్లగా ఉందో తెలిస్తే జనం తామే సర్దుకుంటారు. తమకి పనికొచ్చే సెన్సరుని ఎవరూ పీకెయ్యరు.

2011లో మలేషియా ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఏసీ 24 డిగ్రీలకి తగ్గకూడదని ఆదేశించింది. ఆ ఆదేశానికి ఏ సెన్సరూ అక్కర్లేకపోయింది. కొన్నిసార్లు అంత సులువైన పని కూడా ఉంటుంది. అందుకని రేపు ఆఫీసులో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని, గంటకోసారి మీ అంతస్తంతా తిరిగి ఏ గదిలో ఎందరున్నారో అంకెలు వేసుకోండి. పేర్లు రాయకండి. సాయంత్రానికి ఆ కాగితం మీ కేలండరు కంటే నిజం చెబుతుంది. పేర్లు లేకుండా అంత చెప్పగలిగితే, మనం రాసే ప్రోగ్రాముకి మాత్రం పేర్లు ఎందుకు?