పళ్ళికిలింపు కథ
లేని నవ్వును ముఖాన పులుముకుంటే తెలుగువాళ్ళు ఇకిలింపు అంటారు. ఎవరు ఎవరి ముందు పళ్ళు బయటపెట్టాలన్న పాత లెక్క కూడా ఆ మాటలోనే ఉంది

ఢిల్లీ తూర్పు సరిహద్దు దాటగానే వచ్చే ఇందిరాపురంలో నవ్వులకు కొదవ లేదు. ఘజియాబాద్ అభివృద్ధి సంస్థ వేసిన ఈ కాలనీలో అపార్టుమెంట్లు ఎన్నో, దుకాణాల కౌంటర్లూ అన్నే. ఫ్లాట్లు చూపించే ఏజెంటు నుంచి మాల్‌లో సేల్స్‌గర్ల్ దాకా అందరి ముఖాల మీదా ఒకే కొలతకు కత్తిరించినట్టుండే నవ్వు. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు దాన్ని చూసి 'పళ్ళికిలిస్తున్నాడు' అనుకుంటారు. పక్క ఫ్లాటులోని హిందీవారి నోట అదే 'దాంత్ నిపోర్ రహా హై'. తమిళులైతే 'పల్లై ఇళిక్కిరాన్' అంటారు. కన్నడిగులకు అది 'హల్లు కిరియువుదు'. ఇన్ని భాషలూ దొంగ నవ్వును పట్టుకోవడానికి పెదాలనూ కళ్ళనూ వదిలేసి పళ్ళనే ఎంచుకోవడం విశేషం.

తెలుగులో నవ్వులకు పేర్లు బోలెడు. ముసిముసి నవ్వు పెదాల మధ్యే ఉండిపోతుంది, దానికి మెప్పు దక్కుతుంది. వెకిలి నవ్వులో ఎదుటివాడి మీద చులకన ఉంటుంది. ఇకఇకలు, పకపకలు చెవికి వినిపించేవి. 'ఇకిలించు' కూడా వాటి పక్కన పుట్టిన మాటలాగే ధ్వనిస్తుంది గానీ వాడుకలో దానికి శబ్దంతో పని లేదు. గుర్రం సకిలించాలంటే గొంతు కావాలి. మనిషి ఇకిలించడానికి పళ్ళు చాలు.

ఇంగ్లీషువారి 'స్మర్క్' దారి వేరు. పాత ఇంగ్లీషులో దాని మూలరూపం 'స్మేయర్కియన్'. అప్పట్లో దానికి నవ్వడమనే అర్థం. 'స్మైల్' వచ్చి మంచి నవ్వును తన ఖాతాలో వేసుకున్నాక పాతమాటకు మిగిలింది కపటమే.

పళ్ళ మీద మన పెద్దల అనుమానం ఈనాటిది కాదు. భరతుడి నాట్యశాస్త్రం హాసాన్ని ఆరు రకాలుగా విడదీసింది. స్మితం, హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు. స్మితంలో పళ్ళు కనిపించకూడదు, హసితంలో కొద్దిగా కనిపించవచ్చు. అంటే పలువరుస ఎంత దాగితే అంత గొప్పవాడన్నమాట! ఇకిలింపు అన్న తిట్టు ఎప్పుడూ కింది మెట్టు మీదున్నవాడికే తగలడానికి ఈ పాత కొలత కొంత కారణం కావచ్చు. దొరగారు మందహాసం చేస్తారు, గుమాస్తా ఇకిలిస్తాడు. ఇక ఆడపిల్ల మనసారా నవ్వినా 'ఏమిటా ఇకిలింపు' అని గదమాయించే ఇళ్ళున్నాయి. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్న సామెత వాళ్ళకు సిద్ధంగా ఉండనే ఉంది.

పళ్ళను అనుమానించడం పూర్తిగా తప్పు కాదని ఫ్రెంచి వైద్యుడు డుషేన్ 1862లో ప్రచురించిన గ్రంథం చెబుతుంది. ముఖ కండరాలకు విద్యుత్తు తగిలించి ఆయన పరీక్షించారు. పెదాల కొసలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుందని ఆయన తేల్చారు. దాన్ని కూడా కావాలని కదిలించగల గడుసువారు కొందరున్నారని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది.

ఆ గడుసుతనాన్ని జీతానికి కొనే రోజులూ వచ్చాయి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ డెల్టా ఎయిర్‌లైన్స్ విమాన సిబ్బందిని పరిశీలించి 1983లో పుస్తకం రాశారు. నవ్వడం అక్కడ ఉద్యోగంలో భాగం. అదే పుస్తకంలో బాకీలు వసూలు చేసేవారి గురించి కూడా ఉంది. వారి పని కటువుగా ఉండడం. ఇద్దరూ అమ్మేది తమ ముఖాన్నే. ఈ పనికి ఆమె పెట్టిన పేరుకు తెలుగులో 'భావోద్వేగ శ్రమ' అనవచ్చు.

ఇందిరాపురం కౌంటర్ల వెనకున్నవారిదీ ఈ శ్రమే. పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు పీకుతున్నా కొనేవాడి ముందు నవ్వు చెరగకూడదు. నవ్వకపోతే పొగరంటారు, నవ్వితే ఇకిలింపంటారు. నవ్వమని నిబంధన పెట్టిన యజమానికి మాత్రం తెలుగు ఇంతవరకు ఏ పేరూ పెట్టలేదు. 2020లో కొవిడ్ మాస్కులు వచ్చాక కొన్నాళ్ళపాటు వారి పళ్ళు ఎవరికీ కనిపించలేదు. కొనేవాళ్ళు కళ్ళలోకి చూడవలసి వచ్చింది.