పూర్వ ప్రాథమిక విద్య - తల్లిదండ్రుల అపేక్షలు

మూడు నుండి ఆరు సంవత్సరాల వయసు పిల్లలకు ఒకటవ తరగతికి ముందు గరపే విద్యను పూర్వ ప్రాథమిక విద్య అంటారు. తెలుగు ప్రాంతాలలో ఇది అంగన్‌వాడీ కేంద్రాలలోను, ప్రైవేటు పాఠశాలల నర్సరీ, ఎల్.కె.జి., యు.కె.జి. తరగతులలోను జరుగుతుంది. ఈ వయసులో బిడ్డ ఏమి నేర్వాలన్న విషయంలో తల్లిదండ్రులు కోరేదానికి, శిశువిద్యా నిపుణులు చెప్పేదానికి చాలా అంతరం ఉన్నది. తల్లిదండ్రులు ప్రధానంగా అక్షరాలు, అంకెలు, ఆంగ్ల గేయాలు కోరుతారు. మాట, ఆట, కథ, చేతి నేర్పు ముందు రావాలని నిపుణుల అభిప్రాయం.

చరిత్ర

చదువు మొదలుపెట్టే వయసు తెలుగువారిలో ఎప్పుడూ ఇంత తక్కువగా లేదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక ప్రకారం అక్కడి హిందూ బాలురకు ఐదవ ఏట చదువు ఆరంభమయ్యేది. అయ్యవారు, బడి పిల్లలు ఇంటికి వచ్చి వినాయకుని పూజ చేయించి, బియ్యంలో వ్రేలితో దేవుని పేరు వ్రాయించేవారు. నేటి అక్షరాభ్యాసం ఆ సంప్రదాయమే. "ఓనమాలు" అన్న మాట కూడా అప్పుడు వ్రాయించే "ఓం నమః" నుండి వచ్చినదే. పిల్లలు అర్థం తెలియకుండా వందలాది పద్యాలు చిలుకలవలె వల్లిస్తున్నారని కాంప్‌బెల్ అదే నివేదికలో విమర్శించాడు. రెండు వందల ఏళ్ళ తరువాత పద్యాల స్థానంలో ఆంగ్ల గేయాలు వచ్చాయి, విమర్శ మాత్రం మారలేదు.

జర్మనీలో ఫ్రోబెల్ 1840లో కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టాడు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో బాలగృహాన్ని తెరిచి, 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పేరుతో పాఠశాల స్థాపించారు. తరువాత ఆ పేరు ఎన్నో ఊళ్ళలో బోర్డులకెక్కింది. అయితే పేరు వ్యాపించినంతగా పద్ధతి వ్యాపించలేదు.

అంగన్‌వాడీ, కాన్వెంటు

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైనది. పోషకాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా దీని ఆరు సేవలలో ఒకటి. కాని గుడ్లు, పాలు కంటికి కనబడినంతగా చదువు కనబడదు. అందువలన నెల్లూరు జిల్లా పశ్చిమాన వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాలలోనే గాక రాష్ట్రమంతటా, కాస్త స్తోమత ఉన్నవారు బిడ్డను "కాన్వెంటు"కు పంపడం పరిపాటి. మతసంస్థతో సంబంధం లేకున్నా ఏ ఆంగ్ల మాధ్యమ పాఠశాలనైనా జనం ఈ పేరుతోనే పిలుస్తారు.

దీనిని తల్లిదండ్రుల అజ్ఞానంగా కొట్టివేయరాదు. తాము పెద్దగా చదువుకోని తల్లిదండ్రులకు, కట్టిన ఫీజుకు ఫలితం ఉన్నదని తెలుసుకోవడానికి నిండిన నోటు పుస్తకం, ఇంటిపని తప్ప వేరే ఆధారం లేదు. బిడ్డ కథ విని ప్రశ్న వేసిందన్న సంగతి ఏ పుటలోనూ ఉండదు. పాఠశాలలు కూడా ఈ కోరికను చూసుకొనే బోధిస్తాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం రాష్ట్రాలలో వేలాది పిల్లలను నాలుగవ ఏట నుండి ఎనిమిదవ ఏట వరకు పరిశీలించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. ఐదేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు బడి చదువుకు తగిన సంసిద్ధత పొందలేదని, ప్రైవేటు తరగతులు చదవడం, వ్రాయడం, లెక్కలను బట్టీ పట్టించడానికే పరిమితమయ్యాయని అది తేల్చింది.

లిపి, వయసు

తెలుగు లిపి విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆంగ్లంలో 26 అక్షరాలు వస్తే అక్షరమాల ముగుస్తుంది. తెలుగులో 56 అక్షరాల తరువాత గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్నాయి. ఇదే తీరు గల కన్నడ లిపిపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరజ్ఞానం పూర్తిగా కుదరడానికి ప్రాథమిక తరగతులలో అనేక సంవత్సరాలు పడుతుందని చూపింది. కనుక నాలుగేళ్ళ బిడ్డకు "క్ష" వంకరగా వస్తే అది మందబుద్ధికి గుర్తు కాదు. వ్రేళ్ళ ఎముకలు, కండరాలు అప్పటికి ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. ఆ వయసులో "వీడు వెనకబడ్డాడు" అన్న మాట బిడ్డ చెవిన పడితే బడి అంటేనే భయం ఏర్పడవచ్చు.

2019 నాటి అసర్ నివేదిక 24 రాష్ట్రాలలోని 26 జిల్లాలలో నాలుగు నుండి ఎనిమిదేళ్ళ పిల్లలను పరిశీలించింది. ఒకటవ తరగతిలోనే ఉన్న పిల్లలలో కూడా వయసు పెద్దదైనవారు మెరుగుగా చేశారు.

చట్టాలు, విధానాలు

చిన్న పిల్లలపై అతిబోధన హింస వంటిదని, నర్సరీ ప్రవేశ పరీక్షలను రద్దు చేయాలని 1993లో యశ్‌పాల్ కమిటీ సూచించింది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, విద్యను ఆదేశిక సూత్రంగా చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం పాఠశాల ప్రవేశానికి పిల్లలను, తల్లిదండ్రులను పరీక్షించడాన్ని నిషేధించింది. అయితే ఆ చట్టమిచ్చిన హక్కు ఆరేళ్ళ వయసు నుండే మొదలవుతుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా నిర్ణయించింది.

ఇంటి పాత్ర

ఆటలో చదువు ఉన్నదన్నది తెలుగు ఇళ్ళకు కొత్త సంగతి కాదు. అచ్చనగాయలలో వ్రేళ్ళకు, కంటికి పొందిక కుదురుతుంది. అవ్వ చెప్పే కథలో, పొడుపుకథలో మాటలు పెరుగుతాయి. వామనగుంటల పీటకు వరుసకు ఏడు చొప్పున 14 గుంటలు ఉంటాయి. చింతగింజలను ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోయే పిల్ల, అంకెలు వ్రాయడం రాకముందే ఎక్కువ తక్కువలను పోల్చుకోగలుగుతుంది.