తోడివాడు మానుకొన్నచో ఓడజమ ఎవరిది?

సముద్రయానమన్నచో మన పూర్వులకు ప్రాయశ్చిత్తము జ్ఞప్తికి వచ్చెడిది. నేడో, ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి ఊళ్లనుండి బిడ్డలను చూడ అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు అచ్చట వారము దినములు విహారనౌకలో తిరిగివచ్చి, ఆ ముచ్చటలు అరుగులమీద కూర్చుండి చెప్పుచున్నారు. మన తీరమునకును ఈ నౌకలు రాకపోలేదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అను నౌక విశాఖపట్టణము నుండి పుదుచ్చేరికిని, చెన్నపట్టణమునకును యాత్రికులను కొనిపోయినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు విహారనౌకల ఘట్టము ప్రారంభమైనది. కావున ఈ ప్రయాణములకు సంబంధించిన యొక చిక్కు లెక్కను ఈ పూట విప్పిచెప్పుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాను.

ఓడ యెక్కినవాడు ఏది కొన్నను చేతినుండి రొక్క మీయడు. అతని కొక కార్డు నిత్తురు. ఏది కొన్నను అతని ఖాతాలో ఖర్చు వ్రాసి, కడపటి దినమున లెక్క తేల్చెదరు. ఏమియు కొనకమునుపే ఆ ఖాతాలో యాత్రికుని పేర జమకట్టియుంచు మొత్తమునకు ఆన్‌బోర్డ్ క్రెడిట్ అని పేరు. మన కరణముల భాషలో దీనిని ఓడజమ యనవచ్చును. పానీయములకు, రేవులలో దిగి ఊరు చూచుటకు, ఓడలోని దుకాణములకు ఈ జమ చెల్లును. జూదశాలలో సాధారణముగా చెల్లదు; ఆ నిబంధన నాకు మిక్కిలి నచ్చినది. యాత్ర ముగియునాటికి ఖర్చుకాని జమ చాలవరకు మురిగిపోవును. కొన్ని తరగతుల జమను మాత్రమే రొక్కముగా తిరిగి యిత్తురు.

ఇద్దరు కలిసి యొక గది తీసికొనగా, ఒకరు ప్రయాణము మానుకొన్నచో ఈ జమ యేమగును? ఈ ప్రశ్నను నాయొద్దకు తెచ్చినవారు ఇద్దరు వియ్యంకులు. పిల్లవాని తండ్రిది ఏలూరు, పిల్ల తండ్రిది గూడెము. అమెరికాలోనున్న కొడుకును కోడలును, టెక్సాసులోని గాల్వెస్టన్ రేవునుండి బయలుదేరు నౌకలో తమకొక గదియు, ఈ ఇద్దరికి కలిపి యొక గదియు కుదిర్చిరి. ప్రయాణమునకు పదిదినముల ముందు గూడెము బావగారికి మోకాలు వాచి నడువలేక మానుకొనిరి. వారి గదికి మొత్తము 275 డాలర్ల జమ యున్నది. “అందులో సగము నాది, నా వాటా నాకు రావలెను” అని గూడెము వారు. “గదిలో నున్నవాడను నేను, జమ యంతయు నాదే” అని ఏలూరు వారు. మాట పెరిగినది. పండుగకు రాకపోకలు కూడ నిలిచినవి.

నేను మొదట అడిగినది ఒక్కటే: ఈ జమ ఎవ్వరిచ్చినది? విచారింపగా మూడు చేతులు తేలినవి. నౌకాసంస్థ తలకు 50 చొప్పున 100 డాలర్లిచ్చినది. టిక్కెట్లు కుదిర్చిన ఏజెంటు గదికని 100 డాలర్లిచ్చెను. తక్కిన 75 కూతురు తన సొమ్ముతో తండ్రి పేర కొనిన జమ.

మన కొల్లేటిలోని పడవను తలచుకొనుడు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనమునకు అయిదుగురు కలిసి పడవ కుదుర్చుకొన్నారనుకొందము. పడవవాడు “తలకొక కొబ్బరిబొండ మిచ్చెద” నన్నచో, రానివాని బొండము కొట్టడు. “పడవకొక గెల” అన్నచో, వచ్చిన నలుగురును గెలయంతయు త్రాగవచ్చును. ఇంటివద్ద నిలిచిపోయినవాడు “నా బొండము వెల పంపుడు” అనుటకు మాత్రము ఎటు చూచినను వీలులేదు. అది పడవ యెక్కినవానికి ఇచ్చిన మర్యాదయే కాని, అప్పుపడిన సొమ్ము కాదు. ఓడజమయు నిట్లే. తలకిచ్చినది మనిషితో పోవును, గదికిచ్చినది గదితో నుండును. కొనియిచ్చిన జమ మాత్రము బొండము కాదు, ముందుగా చెల్లించిన వెల. అది సాధారణముగా కొన్నవారికి తిరిగి చేరును.

నాలుగవ చేయి యొకటి కొందరికుండును. కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి సంస్థలు తమ వాటాలు నూరింటికి తక్కువ కాక గలవారికి, యాత్ర పొడవునుబట్టి ఓడజమ నిచ్చుచు వచ్చినవి. అది వాటాదారుడు తానుగా ప్రయాణముచేయు గదికే చెల్లును. అతడు మానుకొన్నచో తోడివాడు దానిని ఆశింపరాదు.

వియ్యంకుల విషయమున నౌకాసంస్థ లెక్క యిట్లు వచ్చినది: తలజమలో 50 పోయినది, ఏజెంటిచ్చిన 100 నిలిచినది, కూతురు కొన్న 75 ఆమెకే తిరిగి చేరినది. ఏలూరు వారి ఖాతాలో 150 మిగిలినది. ఇద్దరి వాదములును వీగిపోయినవి.

ఇంతకన్న పెద్ద లెక్క వేరొకటి కలదు. వారిద్దరును దానిని చూడనేలేదు. ఓడగది ధరను తలకింత అని ప్రకటింతురు గాని, అది ఇద్దరున్నారను నమ్మకముమీద కట్టిన ధర. నిజమునకు అది పడవ మొత్తమునకు కుదుర్చుకొన్న బాడుగయే. మన రైలులో ఒకే టిక్కెట్టుమీద నలుగురున్నను ఎవరి ఛార్జి వారిదే. ఒకడు రద్దుచేసికొన్నచో తక్కిన మువ్వురకు భారము పెరుగదు. ఓడలో ఒకడు మానుకొన్నచో, మిగిలినవాడు రెండవ పడక వెలను కూడ చాలవరకు భరింపవలసివచ్చును. రెండవవాడు ఆలస్యముగా మానుకొని అతని ఛార్జి సంస్థకు జప్తుపడినచో, ఆ మొత్తమునే ఈ భారమునకు సరిపెట్టు సంస్థలు గలవు. మన వియ్యంకులకు జరిగినది అదియే. గూడెము వారి పేర కట్టిన ఛార్జిలో రేవుపన్నులు మాత్రము తిరిగివచ్చెను. తక్కినది గది బాడుగలో కలిసిపోయెను. అనగా ఏలూరు బావగారు వారము దినములు ఒంటరిగా పండుకొన్న గదికి సగము బాడుగ గూడెము బావగారి వంతునుండియే చెల్లినదన్నమాట! నేనీ మాట చెప్పగా ఏలూరు వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట లోనికిపోయి, ఓడ దుకాణమున ఆ జమతో తమకై కొనుక్కొన్న చేతిగడియారమును తెచ్చి వియ్యంకుని చేతిలో నుంచిరి.

మన ధర్మశాస్త్రములలో సంభూయసముత్థానమను వ్యవహారపదము కలదు. పలువురు కలిసి చేయు పనులలో లాభనష్టముల విభాగమును అది చెప్పును. యజ్ఞమున వరింపబడిన ఋత్విక్కు నడుమ విడిచిపోయినచో, చేసిన పనికి తగిన అంశమే అతనిదని మనువు నిర్ణయము. కేతన 13వ శతాబ్దముననే మితాక్షరను తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయముగా వ్రాసియుంచెను. నేటి నౌకాసంస్థల వ్రాతలకంటె ఆ పద్యములే సుబోధములని నా యభిప్రాయము.

ఆ వ్రాతలను ఉపేక్షించుటయు తగదు. కార్నివాల్ నౌకలో జారిపడిన యొక స్త్రీ తన వాషింగ్టను రాష్ట్రముననే వ్యాజ్యము వేయగా, ఫ్లోరిడాలోనే వేయవలెనను టిక్కెట్టుమీది నిబంధన చెల్లునని అమెరికా సుప్రీముకోర్టు 1991లో తీర్పుచెప్పినది. చిన్న అక్షరములలో నున్నను అది ఒడంబడికయే.

కావున తోడివానికి ఆటంకము కలిగిన యెడల, రద్దుమాట సంస్థకు చెప్పకమునుపే కొన్ని సంగతులు తెలిసికొనుడు. అతని బదులు వేరొకరి పేరు చేర్పవచ్చునా? చాల సంస్థలు, మొదటి యిద్దరిలో ఒకరు నిలిచియున్నచో, ఒక గడువువరకు ఇందుకు ఒప్పుకొనును. అప్పుడు గది వెల పెరుగకుండుటకు అవకాశ మెక్కువ. మన రైలువారును బయలుదేరుటకు 24 గంటల ముందు అర్జీ పెట్టుకొన్నచో తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, బిడ్డలకు, భార్యాభర్తలకు టిక్కెట్టు మార్చి యిత్తురు. పాపము, వియ్యంకునికి ఆ పట్టికలో చోటులేదు. పేరు మార్పు కుదరనిచో, మిగిలినవానికి కొత్త ధర కట్టెదరా, పాతదే నిలుచునా అని అడుగుడు. పూర్తి సొమ్ము చెల్లించుటకు ముందైనచో సంస్థవారు గదిని నేటి ధరకు తిరిగి లెక్కకట్టుట కలదు. గడువుతీరిన బహుమానజమ అప్పుడు మాయమగును.

రద్దుచేయక రేవునకు రాకుండుటయే మేలని చెప్పువారు కొందరున్నారు. అట్లు చేసినచో గదిజమ నిలుచుట కలదు, ఒంటరి భారము పడకపోవుటయు కలదు. ప్రయాణపు బీమా యున్నవారికి మాత్రము ఈ ఉపాయము చేటు తెచ్చును. జబ్బుచేసిన వెంటనే తెలిపి రద్దుచేయవలెనని బీమావారి షరతు. అమెరికాలో అమ్ము బీమాలలో చాలవాటియందు, తోడివాడు తగిన కారణముచే మానుకొన్నచో మిగిలినవానిపై పడు ఒంటరి భారమును చెల్లించు షరతు కలదు. అది 100 డాలర్ల జమకంటె ఎన్నో రెట్లు పెద్ద మొత్తము కావచ్చును. ఈ సమాధానము లన్నిటిని టెలిఫోనులో విని ఊరకొనక, వ్రాతమూలకముగా తెప్పించుకొని, ఆ పిమ్మటనే రద్దుమాట చెప్పుడు.